పేరు పక్కన ఏడాది

1881లో హార్వర్డ్‌లోని ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జంతుశాస్త్రవేత్త గుల్ల లేని ఒక జాతి నత్త గుడ్ల మీద సుదీర్ఘమైన పరిశోధన పత్రం ప్రచురించాడు. గుడ్డు ఎలా పక్వమవుతుంది, ఎలా ఫలదీకరణ చెందుతుంది, ఎలా విభజన చెందుతుంది అన్నది అందులోని విషయం. ఇవాళ ఆ పత్రం పేరు నత్త కంటే ఎక్కువగా 194వ పుట వల్ల వినిపిస్తోంది. అంతకుముందు పరిశోధకులు ఏమన్నారో చెబుతూ మార్క్ అక్కడ రచయిత పేరుతో పాటు బ్రాకెట్లో ఏడాది కూడా వేశాడు. అలా ఎందుకు వేశాడో ఆ పుట అడుగునే వివరించాడు కూడా. ఆ అంకె చివరనున్న జాబితాలోకి దారి చూపుతుంది, ఆ పని ఏ కాలం నాటిదో చదువరికి అక్కడికక్కడే తెలియజేస్తుంది. రచయిత-సంవత్సరం పద్ధతికి, హార్వర్డ్ పద్ధతి అని లోకం పిలిచేదానికి, మూలం ఇదేనంటారు.

ఒక్క అంకెతో రెండు పనులు చేయించిన ఆ నేర్పు నాకెంతో ఇష్టం. అది అవసరంలోంచి పుట్టిందనే నా నమ్మకం. 1876లో ఆస్కర్ హెర్ట్‌విగ్ సీ అర్చిన్ గుడ్డులో రెండు కేంద్రకాలు కలిసిపోవడాన్ని చూపించాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు హెర్మన్ ఫోల్ నక్షత్ర చేప గుడ్డులోకి శుక్రకణం చొచ్చుకుపోవడాన్ని వర్ణించాడు. అంత వేగంగా కదులుతున్న శాస్త్రంలో హెర్ట్‌విగ్‌కు ముందు చెప్పిన మాటకూ తర్వాత చెప్పిన మాటకూ ఒకే విలువ ఉండదు. ఫలానావాడు ఇలా అన్నాడని మాత్రమే రాస్తే చదువరికి అందేది సగం సమాచారమే. ఏడాది కనబడగానే ఆ మాటను ఎంతవరకు నమ్మాలో అతనే బేరీజు వేసుకుంటాడు. చదువుతున్న వాక్యం వదిలి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తల ఏపీఏ పద్ధతి ఈ బ్రాకెట్టు మీదే నిలబడింది. 1929లో ‘సైకలాజికల్ బులెటిన్’లో ఏడు పుటల సూచనలుగా మొదలైన ఆ నియమావళి 2019కి ఏడో కూర్పుకు చేరింది. దాని పనితనం చూడాలంటే మనకు దగ్గరి పుస్తకం ఒకటి తీసుకోవాలి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ 2001లో ఢిల్లీ పర్మనెంట్ బ్లాక్ ప్రచురణగా వచ్చింది. దక్షిణ భారతంలో 1600 నుంచి 1800 దాకా చరిత్రను ఎలా రాసుకున్నారో చర్చించే పుస్తకం అది. ఏపీఏ జాబితాలో ఇలా మొదలవుతుంది: నారాయణరావు, వి., షుల్మన్, డి., సుబ్రహ్మణ్యం, ఎస్. (2001). పేర్లు పొడి అక్షరాలకు కుదించుకుపోయినా ముగ్గురికీ చోటు దక్కింది. పేర్లు అయిపోగానే, పుస్తకం పేరు కంటే ముందే, ఏడాది వచ్చేసింది. వ్యాసం మధ్యలో బ్రాకెట్టు చూసి జాబితాకు వచ్చినవాడు వెతికేది పేరూ ఏడాదీ కాబట్టి ఆ రెండూ పక్కపక్కనే ఎదురవుతాయి. ఒకే రచయిత పుస్తకాలు నాలుగైదు ఉన్నా తడుముకోడు.

సాహిత్య పరిశోధకుల ఎంఎల్ఏ పద్ధతిలో అదే పుస్తకం తీరు మారిపోతుంది. ఏడాది చిట్టచివరకు వెళ్తుంది, వ్యాసం మధ్యలో అసలు కనిపించనే కనిపించదు. అక్కడ ఉండేది పేరూ పుట సంఖ్యా మాత్రమే: (నారాయణరావు తదితరులు 45). మధ్యలో కామా కూడా ఉండదు. పద్యం మీద రాసేవాడికి ఆ పద్యం పాతబడిందా అన్న ప్రశ్న లేదు, ఏ పుటలో ఉందో తెలిస్తే చాలు. ఈ పొదుపు నాకు నచ్చుతుంది. అయితే ముగ్గురు రచయితలుంటే చివరి జాబితాలో కూడా మొదటి పేరు ఒక్కటే ఉంచి మిగతా ఇద్దరినీ ‘తదితరులు’ చేసేయడం మాత్రం నాకు నచ్చదు. కలిసి చేసిన పనికి కనీసం అక్కడైనా ముగ్గురి పేర్లూ ఉండాలి.

పేరు దగ్గర తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. చివరి మాటే ఇంటిపేరు అనుకునే పాశ్చాత్య అలవాటు వల్ల ఇదే రచయిత కొన్ని జాబితాల్లో ‘రావు, వెల్చేరు నారాయణ’గా కనిపిస్తాడు. ఇంకొన్నింట్లో ‘నారాయణరావు, వెల్చేరు’గా ఉంటాడు. రెండూ ఒకే మనిషి అని తెలియని విద్యార్థి అక్షరక్రమంలో ఒకచోట చూసి, దొరకలేదని జాబితా మూసేస్తాడు. మొదటిది పొరపాటే. ‘రావు’ ఇంటిపేరు కాదు, దాన్ని నారాయణ నుంచి విడదీయకూడదు. మంచి సంపాదకుడు ఇలాంటి చోట నియమాన్ని గుడ్డిగా నడపడు, ఆ మనిషిని ఏమని పిలుస్తారో కనుక్కుంటాడు.

వైద్య పత్రికలది వేరే దారి. 1978లో వాంకూవర్‌లో కలిసిన సంపాదకులు తేల్చుకున్న పద్ధతిలో వాక్యం పక్కన అంకె ఒక్కటే ఉంటుంది. చోటు కలిసొస్తుంది, చదువు సాఫీగా సాగుతుంది. ఎవరన్నారో ఎప్పుడన్నారో తెలియాలంటే మాత్రం చివరకు వెళ్లి రావాలి.

నా మనసు చరిత్రకారుల పాదసూచికల దగ్గరే ఆగుతుంది. 1906 నుంచి వస్తున్న చికాగో మాన్యువల్ పాదసూచికల పద్ధతిని బాగా తీర్చిదిద్దింది. చరిత్రకారుడి ఆధారం తరచు పుస్తకం కాదు. ఒక దఫ్తరంలో ఫలానా సంపుటంలో ఫలానా తేదీ ఉత్తరం అయివుంటుంది. దాన్ని పేరు-ఏడాది బ్రాకెట్టులో ఇరికించలేం. పాదసూచికలో ఎవరు ఎవరికి రాశారో, ఏ రోజునో, ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో విడమర్చి చెప్పవచ్చు. ఆ ఉత్తరాన్ని తను ఎందుకు నమ్మాడో కూడా రెండు మాటల్లో చెప్పవచ్చు. ఆ మాటలు పుట కిందే ఉండాలన్న పట్టుదల పాతది. ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం 1776లో వచ్చినప్పుడు సూచికలన్నీ పుస్తకం చివర ఉన్నాయి. మరణానికి కొన్ని నెలల ముందు, జబ్బుతో ఉన్న డేవిడ్ హ్యూమ్, ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తూ ప్రతిసారీ వెనక్కి తిప్పి చూడాల్సి వస్తోందని, వాటిని పుట అడుగున వేయమని కోరాడు. తర్వాతి ముద్రణల్లో అవి అక్కడికే చేరాయి.

పద్ధతులన్నీ ఏకీభవించే చోటు ఒకటుంది. బొబ్బిలి యుద్ధం మీది పాత రచన నుంచి ఒక మాటను నేను ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’లోనే చదివి వాడుకున్నాననుకోండి. మూల రచన పేరు వాక్యంలో చెప్పాలి, అది ఫలానా పుస్తకంలో ఉదహరించినదని పక్కనే ఒప్పుకోవాలి. ఏపీఏ, ఎంఎల్ఏ రెండింట్లోనూ చివరి జాబితాలోకి వచ్చేది నేను చదివిన పుస్తకమే. చూడని మూలాన్ని చూసినట్టు జాబితాలో చేర్చే అలవాటు మన సిద్ధాంత వ్యాసాల్లో కనబడినప్పుడల్లా బాధేస్తుంది. ఒక్క మాట చేర్చితే పోయే దోషం అది.

మనకూ సొంత పద్ధతి ఒకటుంది, దాన్ని తక్కువ చేయకూడదు. బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన ‘శబ్దరత్నాకరం’ 1885లో వచ్చింది. అందులో ఒక మాటకు అర్థం చెప్పి, కవి ప్రయోగం చూపి, పక్కన పొడి అక్షరాల్లో గుర్తు వేస్తారు. ‘భార. ఆది.’ అని ఉంటే భారతం ఆదిపర్వం. ‘ఆ.’ అంటే ఆశ్వాసం. ఇందులో పుట సంఖ్య ప్రసక్తే లేదు. కాబట్టి తాటాకు ప్రతి ఉన్నవాడైనా, మద్రాసు అచ్చు ఉన్నవాడైనా, నిన్నటి కొత్త ముద్రణ కొన్నవాడైనా ఆ ఆశ్వాసానికి చేరగలడు. ప్లేటో రచనలకు 1578 నాటి ఎస్తియెన్ ముద్రణ పుట అంకెలే అన్ని భాషల్లోనూ చెల్లుతున్నట్టు, ఇది ముద్రణను దాటి బతికే గుర్తు. ఆశ్వాసంతో ఆగకుండా పద్య సంఖ్య కూడా వేయడం తర్వాతి పండితులకు అలవాటైంది. ప్రక్షిప్తాలను ఒక పరిష్కర్త ఉంచడం, ఇంకొకరు తీసేయడం వల్ల ఆ సంఖ్య ఒక ప్రతికీ మరో ప్రతికీ ఒకటి రెండు తేడా పడుతుంది. అందుకే జాగ్రత్తపరులు పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్యలతో పాటు ఏ పరిష్కరణ చూశారో కూడా రాస్తారు.