గాండర్ నేల మీది పనివాళ్లు
న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌లో తొలి విమానం దిగింది 1938 జనవరిలో. అప్పటికి ఆ దీవి కెనడాలో కలవలేదు. కలిసింది 1949లో. అట్లాంటిక్ దాటే పిస్టన్ విమానాలు ఇంధనం కోసం ఇక్కడ ఆగేవి. పైలట్ల పేర్లు చరిత్రకెక్కాయి. నాకు మాత్రం చలిలో గొట్టం పట్టుకుని పెట్రోలు నింపినవాళ్లే గొప్పగా కనిపిస్తారు. ఇంధనంలో నీరు కలిసి పైన గడ్డకడితే ఇంజన్ ఆగిపోవచ్చు, కిందేమో సముద్రం. కాబట్టి ప్రతిసారీ నమూనా తీసి చూడాల్సిందే, మూత బిగిసిందో లేదో సరిచూడాల్సిందే.

రన్‌వే మీద మంచు తీసేవాళ్ల పని ఇంకా కష్టం. ఊడ్చిన చోటే గాలి మళ్లీ పోస్తుంది. ముందు లారీ పక్కకు నెట్టిన మంచును వెనక లారీ అందుకుని ఇంకా అంచుకు తోస్తుంది. ఆ ఏటవాలు వరస చెదిరితే మధ్యలో గట్టు మిగిలిపోతుంది. ఆ తెల్లదనంలో ఎదుటి బండి దీపమే గుర్తు. ఎంత నేర్పు కావాలి!

జెట్లు వచ్చాక ఆగేవి తగ్గాయి. అయినా 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూసేస్తే, 38 విమానాల్లో దాదాపు 6,600 మంది ఇక్కడే దిగారు. ఆ భారీ విమానాలను రెక్కకు రెక్క తగలకుండా నిలిపింది ఇలాంటి నేల మీది పనివాళ్లే.