పదహారింటిలో ఏది?

రాత్రంతా చలిలో నిలబడిన పికప్ ట్రక్కును పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక్కోసారి బానెట్ కింద టిక్కు టిక్కుమని చప్పుడు మొదలవుతుంది. రెండు మూడు సెకన్లలో సద్దుమణిగితే కంగారు పడనక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా వినిపిస్తూ, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ జోరందుకుంటే మాత్రం ఆ బండి యజమాని జేబుకు చిల్లు పడే రోజు దగ్గరపడినట్టే. అమెరికాలో షెవర్లే సిల్వరాడో నడిపేవాళ్లకు ఇది బాగా ఎరిగున్న చప్పుడు.

ఆ బండ్లలో ఎక్కువగా కనిపించేది 5.3 లీటర్ల వీ8 ఇంజిన్. ఎనిమిది సిలిండర్లు, పదహారు వాల్వులు, ఒక్కో వాల్వుకూ ఒక్కో హైడ్రాలిక్ లిఫ్టర్. చెడిపోయేది చాలాసార్లు ఆ పదహారింటిలో ఒక్కటే. బొటనవేలంత లావుండే ఆ ఒక్క ముక్కను బయటికి తీయాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీయాలి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పాలి, హెడ్డు దించాలి. ఓపికా పానాలూ ఉంటే విప్పడం, బిగించడం నేర్చుకోదగ్గ పనే. ఏది పోయిందో విప్పకముందే పట్టుకోవడం, ఎందుకు పోయిందో కొత్తది పెట్టకముందే తేల్చుకోవడం అంతకన్నా కష్టం. మెకానిక్ పనితనం బయటపడేది ఈ రెండు చోట్లే.

లిఫ్టర్ అవసరం ఎందుకొచ్చిందో చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. లోహం వేడికి సాగుతుంది. ఇంజిన్ వేడెక్కితే వాల్వు కాడ పొడుగవుతుంది. చల్లగా ఉన్నప్పుడే సందు లేకుండా బిగించేస్తే వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, కొన్నాళ్లకు వాల్వు అంచు కాలిపోతుంది. అందుకని రాకర్ ఆర్మ్‌కీ వాల్వుకీ మధ్య కాస్త సందు వదులుతారు. మన లారీ షెడ్లలో టాపెట్ సెట్టింగ్ అనేది ఈ సందును సరిచేయడమే. డాడ్జ్ రామ్ పికప్‌లో 1989 నుంచి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్‌కి ఇన్‌టేక్ వాల్వు దగ్గర 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర 0.51 మిల్లీమీటర్లు వదలాలి. ఆ కుటుంబానికి చెందిన ఇంజిన్లను మన దేశంలో జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ తయారుచేసింది. విజయవాడ ఆటోనగర్‌లో టాపెట్ కవరు తీసి, ఫీలర్ గేజ్ రేకును రాకర్ కింద అటూ ఇటూ ఆడిస్తూ, రేకు కాస్త పట్టుకుని జారేదాకా స్క్రూ తిప్పి లాక్‌నట్ బిగించే మనిషి చేసేదీ ఇదే. ఆ బిగువు ఎంతుండాలో పుస్తకంలో ఉండదు, వేళ్లకు తెలుస్తుంది.

ఈ సందు ఉన్నంతకాలం కొద్దో గొప్పో చప్పుడూ ఉంటుంది, అరుగుదలా ఉంటుంది, మళ్లీ మళ్లీ సరిచేయాల్సిన పనీ ఉంటుంది. 1930లో వచ్చిన క్యాడిలాక్ వీ16 కారును కొనేవాళ్లు నిశ్శబ్దానికి డబ్బు పెట్టేవాళ్లు. ఆ ఇంజిన్‌లో సందును ఆయిల్ ఒత్తిడితో దానంతట అదే పూడ్చుకునే ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ హైడ్రాలిక్ పద్ధతి సంపన్నుల కార్ల నుంచి అమెరికా మామూలు బండ్లలోకి పాకింది.

లిఫ్టర్‌ను చేతిలోకి తీసుకుంటే ఏముంది, ఒక ఉక్కు గొట్టం. దాని లోపల పైకీ కిందికీ జారే ప్లంజర్, ప్లంజర్ కింద స్ప్రింగు, ప్లంజర్ అడుగున చిన్న రంధ్రం, ఆ రంధ్రాన్ని కింది నుంచి మూసే గోళీ. గొట్టం కింది చివర రోలర్ ఉంటుంది, అది క్యామ్ షాఫ్ట్ మీద దొర్లుతుంది. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు ఆయిల్ గోళీని దాటి కింది గదిలోకి వస్తుంది, స్ప్రింగు ప్లంజర్‌ను పైకి నెట్టి సందు లేకుండా చేస్తుంది. క్యామ్ ఎత్తు వచ్చి రోలర్‌ను పైకి తోసే క్షణంలో గోళీ రంధ్రాన్ని మూసేస్తుంది. చిక్కుకున్న ఆయిల్ నలగదు కాబట్టి లిఫ్టర్ గట్టి ఉక్కుముక్కలా పనిచేసి పుష్ రాడ్‌ను పైకి తోస్తుంది. పొలం బావిలో మోటారుకు ఫుట్ వాల్వు చేసే పని లాంటిదే ఇక్కడ గోళీ చేసేది. ఫుట్ వాల్వులో పుల్ల ఇరుక్కుంటే రాత్రికి రాత్రి పైపు ఖాళీ అవుతుంది, పొద్దున్నే నీళ్లు పోస్తే గాని మోటారు ఎత్తుకోదు. గోళీ కింద మసి రేణువు ఇరుక్కున్న లిఫ్టర్‌లోనూ ఆయిల్ నిలవదు. పొద్దున వినిపించే టిక్కు టిక్కు అక్కడి నుంచే వస్తుంది.

2007 నుంచి సిల్వరాడోలో దీనికి ఇంకో మెలిక చేరింది. పెట్రోలు ఆదా కోసం, హైవే మీద బరువు లేకుండా నింపాదిగా వెళ్లేటప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లకు విశ్రాంతి ఇచ్చే యాక్టివ్ ఫ్యూయల్ మేనేజ్‌మెంట్ అనే ఏర్పాటు అది. 1, 4, 6, 7 సిలిండర్లు ఆగుతాయి. వాటి ఎనిమిది లిఫ్టర్లూ రెండు ముక్కలుగా ఉంటాయి. ముక్కల్ని కలిపి పట్టుకునేవి లోపలి పిన్నులు. కంప్యూటర్ ఆజ్ఞతో ఆయిల్ ఒత్తిడి పిన్నుల్ని లోపలికి నెడితే కింది ముక్క మాత్రమే ఆడుతుంది, వాల్వు కదలదు. ఒత్తిడి తగ్గగానే పిన్నులు బయటికొచ్చి మళ్లీ తాళం పడాలి. పడకపోతే ఆ సిలిండర్ అక్కడితో చచ్చినట్టే. బండి మిస్సింగ్ కొడుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఈ ఇంజిన్లలో లిఫ్టర్ గొడవ ఎక్కువగా ఈ ఎనిమిదింటి దగ్గరే వస్తుంది. లీటరుకు కాస్త దూరం కలిసి రావడం కోసం కదిలే ముక్కల్ని, సన్నటి ఆయిల్ దారుల్ని ఇన్ని పెంచితే, ఆయిల్ మార్చడంలో చేసే చిన్న అశ్రద్ధకు కూడా ఇంజిన్ ఓర్చుకోలేకపోతుంది.

చప్పుడు విని వెంటనే హెడ్డు మీద చెయ్యి వేసే మెకానిక్‌ను నమ్మకూడదు. ఈ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టు తెగిపోవడం కూడా మామూలే. ఆ సందులోంచి గ్యాసు లీకైతే చప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కి మానిఫోల్డ్ సాగినప్పుడు సందు మూసుకుని చప్పుడూ తగ్గుతుంది, విన్నవాడు లిఫ్టర్ సర్దుకుంది అనుకుంటాడు. ఇంజెక్టర్లు కూడా టిక్కుమంటాయి. వీటిని విడదీయడానికి చెవికి లెక్క తెలిసి ఉండాలి. క్యామ్ షాఫ్ట్ క్రాంక్ షాఫ్ట్ వేగంలో సగంతో తిరుగుతుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ నిమిషానికి 600 సార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు ఐదుసార్లు తెరుచుకుంటుంది. చెడిన లిఫ్టర్ ఆ తాళానికే కొట్టుకుంటుంది. మెకానిక్ స్టెతస్కోప్ మొనను టాపెట్ కవరు మీద ఒక్కో చోటా ఆనించి వింటే ఏ వైపో, ఏ సిలిండర్ దగ్గరో తెలిసిపోతుంది. కంప్యూటర్‌లో పి0307 అని కోడ్ ఉంటే ఏడో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. అది ఆగే నాలుగు సిలిండర్లలో ఒకటి కాబట్టి అనుమానం బలపడుతుంది.

అప్పుడు టాపెట్ కవరు తీస్తారు. క్రాంక్ షాఫ్ట్ ముందు బోల్టుకు పొడుగు పానా వేసి ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే రాకర్లు ఒకటి తర్వాత ఒకటి వంగి లేస్తాయి. పోయిన లిఫ్టర్ ఉన్నచోట రాకర్ సరిగా లేవదు. వాల్వు మూసి ఉన్న స్థితిలో రాకర్‌ను పుష్ రాడ్ వైపు బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తారు. బాగున్నది రాయిలా ఎదురునిలుస్తుంది. పోయినది మెత్తగా దిగుతుంది. ఎన్ని కోడ్‌లు చదివినా ఈ నొక్కు పరీక్ష వదలకూడదు.

1955 నాటి షెవర్లే వీ8 కుటుంబంలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎత్తితే చాలు, మధ్య లోయలో లిఫ్టర్లు వరసగా కనిపించేవి, పైనుంచి లాగేయొచ్చు. ఈ కొత్త తరం ఇంజిన్‌లో నాలుగేసి లిఫ్టర్లను ఒక ప్లాస్టిక్ ట్రే పట్టి ఉంచుతుంది, ఆ ట్రే హెడ్డు కింద ఉంటుంది. అందుకే హెడ్డు దించక తప్పదు. తీసిన పుష్ రాడ్లను అట్టముక్కకు వరసగా కన్నాలు పెట్టి గుచ్చుతారు. అరిగిన జత ఎక్కడిదక్కడే తిరిగి కూర్చోవాలి మరి.

లిఫ్టర్ బయటికి రాగానే తిరగేసి రోలర్ చూడాలి. రోలర్ లోపలి సన్నటి సూది బేరింగులు విరిగిపోతే అది దొర్లడం మానేసి క్యామ్ మీద రాసుకుంటుంది. రోలర్ మీద గీతలుంటే టార్చి వేసి క్యామ్ షాఫ్ట్ ఆ ఎత్తు మీద వేలు పెట్టి నిమరాలి. గోరుకు గాడి తగిలిందంటే క్యామ్ షాఫ్ట్ కూడా మార్చాల్సిందే. రేడియేటర్, ముందు కవరు, చైను అన్నీ ఊడతాయి, ఖర్చు అక్కడికక్కడే బాగా పెరుగుతుంది. యజమాని ముఖం చూసి మొహమాటపడి, గాడి పడ్డ క్యామ్ మీద కొత్త లిఫ్టర్ పెట్టే మెకానిక్ ఆయనకు మేలు చేసినట్టు కాదు. ఆ కొత్త రోలర్ కొద్ది రోజుల్లోనే పాతదాని దారి పడుతుంది. అరిగిన ఉక్కు పొడి ఇప్పటికే ఆయిల్‌లో తిరిగి ఉంటుంది కాబట్టి పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి చూడటం కూడా ఈ పనిలో భాగమే.

ఒక్కటి మార్చాలా, పదహారూ మార్చాలా అన్న ప్రశ్న ప్రతి షెడ్డులోనూ వస్తుంది. హెడ్డు దించిన తర్వాత కూలి ఖర్చు ఎలాగూ అయిపోయింది. అదే ఆయిల్ తాగి, అన్ని కిలోమీటర్లే తిరిగిన తోటి లిఫ్టర్లను అలాగే వదిలేసి మళ్లీ మూసేయడం తెలివైన పొదుపనిపించదు. కనీసం ఆగే సిలిండర్ల ఎనిమిదీ, వీలైతే పదహారూ, వాటితో ట్రేలూ మార్చడమే సబబు. కొందరు ఆ ఏర్పాటునే పీకేసి మామూలు లిఫ్టర్లు వేయించుకుంటున్నారు. దానికి క్యామ్ షాఫ్ట్ కూడా మారాలి, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మారాలి, కాలుష్య నిబంధనలూ చూసుకోవాలి. లిఫ్టర్లు మాత్రం మార్చి ఊరుకుంటే కుదరదు.

ఇక అసలు ప్రశ్న, ఎందుకు పోయింది? లిఫ్టర్‌కు ప్రాణం ఆయిల్. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. మరీ ఎక్కువ పోసినా క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది, లిఫ్టర్ మెత్తబడుతుంది. పాతబడి జిగురుగా మారిన ఆయిల్ పిన్నుల్ని అంటుకుపోయేలా చేస్తుంది. 2014కు ముందు వచ్చిన ఈ ఇంజిన్లకు 5డబ్ల్యూ-30, ఆ తర్వాతి వాటికి 0డబ్ల్యూ-20 పోయాలి. దొరికింది పోస్తే ఒత్తిడి లెక్క తప్పుతుంది. ఈ కుటుంబపు ఇంజిన్లలో ఆయిల్ పంపుకు, ఆయిల్ పీల్చే గొట్టానికి మధ్య ఒక రబ్బరు ఓ-రింగు ఉంటుంది. అది గట్టిపడి పగిలితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతుంది. అప్పుడు పదహారు లిఫ్టర్లూ ఏ పాపం ఎరగకుండానే మొత్తుకుంటాయి. కొత్త సెట్టు వేయించుకున్నా చప్పుడు పోలేదని యజమాని నెత్తి పట్టుకునే సందర్భాల్లో చూడాల్సిన మొదటి చోట్లలో అదొకటి. ఆయిల్ ప్రెజర్ సెన్సార్ కింద చిటికెనవేలి గోరంత జల్లెడ ఇంకొకటి. అది మూసుకుపోతే డ్యాష్‌బోర్డు మీటర్ తప్పు చెబుతుంది. అందుకే ముల్లు గేజ్ బిగించి అసలు ఒత్తిడి కొలవాలి.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. కొత్త లిఫ్టర్లను శుభ్రమైన ఆయిల్‌లో నానబెట్టి దింపుతారు. బ్లాకులో హెడ్డు బోల్టుల రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. వాటిలో కూలెంట్ గానీ ఆయిల్ గానీ మిగిలితే, బోల్టు దిగేకొద్దీ పోవడానికి దారి లేక ఆ ద్రవం బ్లాకునే పగలగొడుతుంది. ఒక్కో రంధ్రం ఊది, గుడ్డతో తుడిచి తీరాలి. బోల్టులు బిగింపులో సాగిపోయే రకం కాబట్టి పాతవి పనికిరావు. ముందు 30 న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత 90 డిగ్రీలు, ఆపైన ఇంకో 70 డిగ్రీలు, వరస తప్పకుండా. హెడ్డుకు ఫేసింగ్ చేయించి ఉంటే దాని ఎత్తు తగ్గి పుష్ రాడ్ ప్లంజర్‌ను ఎక్కువ లోతుకు నొక్కుతుంది. ఈ ఇంజిన్‌లో సరిచేసే స్క్రూ లేదు, పుష్ రాడ్ పొడుగు చూసుకోవాలి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పెట్రోలు అందకుండా ఆపి, ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా సెల్ఫ్‌తో తిప్పుతారు. స్టార్ట్ అయ్యాక కాసేపు చప్పుడు ఉండొచ్చు. గాలి బయటికి పోతే ఆగిపోతుంది.

మన దగ్గర సిల్వరాడోలు లేకపోయినా ఈ సంగతి మనకు సంబంధం లేనిదేమీ కాదు. మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలో ఏళ్ల తరబడి వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో పుష్ రాడ్లు లేవు గాని, ఆయిల్‌తో సందు పూడ్చుకునే హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉన్నాయి. అలాంటి బండి మీ ఇంట్లో ఉండి, పొద్దున చప్పుడు కొన్ని సెకన్లు దాటి సాగుతుంటే ముందు బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో, ఆఖరిసారి ఎప్పుడు, ఏ గ్రేడు పోశారో బిల్లు తీసి సరిచూసుకోండి. మెకానిక్ లోపల లిఫ్టర్లు పోయాయంటే, హెడ్డు దించడానికి ఒప్పుకునే ముందు ఆయిల్ ప్రెజర్ గేజ్ పెట్టి ముల్లు ఎక్కడుందో మీ కళ్లకు చూపించమని అడగండి.