ఇంకోసారి కొలిచి చూడు

మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోకుండా చిప్‌ని ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పారు. కట్టుకున్నాను కూడా. కానీ శాంపిల్‌ని హోల్డర్‌లోకి మార్చేటప్పుడు, తీగలన్నిటినీ నేలకు కలిపి ఉంచే స్విచ్‌లలో ఒకటి తెరిచి ఉండిపోయింది. చప్పుడు లేదు, మెరుపు లేదు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే, ఉంగరం ఉండాల్సిన చోట కరిగి గడ్డకట్టిన మచ్చ కనిపించింది. రెండు నెలల పని పోయింది. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

పరిశోధన రోజుల్లో నేను కొలిచినవి సిలికాన్ మీద గీసిన బంగారు ఉంగరాలు. వ్యాసం ఒక మైక్రాన్. తల వెంట్రుక అడ్డంగా పెడితే దాని కింద యాభైకి పైగా పడతాయి. ఎలక్ట్రాన్ పుంజాన్ని కలంలా వాడి వాటిని గీస్తారు. ఆ పుంజం కొంచెం వణికినా తీగ తెగిపోతుంది, లేదా రంధ్రం పూడిపోతుంది. పదిహేను గీస్తే ఒకటో రెండో బతికేవి.

ఇప్పుడు ఎమ్మెస్సీ పిల్లలకు ఈ ఉంగరాల్లో ఎలక్ట్రాన్ ఎలా పోతుందో చెప్పాల్సి వస్తే గోదావరి లంకతో మొదలుపెడతాను. లంక దగ్గర నీరు చీలి, కొంత ఈ పాయలో, కొంత ఆ పాయలో పోయి, దిగువన మళ్ళీ కలుస్తుంది. ఎలక్ట్రాన్ నీటిబొట్టు కాదు. అది అలలా రెండు పాయల్లోనూ పోయి, దిగువన తనతో తానే కలుస్తుంది. శిఖరం మీద శిఖరం పడితే విద్యుత్తు సులువుగా దాటుతుంది. శిఖరం వెళ్ళి గుంటలో పడితే నిరోధం పెరుగుతుంది. ఇప్పుడు లంక నడిమి నుంచి అయస్కాంత రేఖలను పంపామనుకోండి. ఒక పాయలో అల కాస్త ముందుకు, రెండో పాయలో కాస్త వెనక్కు జరుగుతుంది. రంధ్రం గుండా పోయే అయస్కాంత అభివాహం ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వచ్చేంత, అంటే 4.14 × 10⁻¹⁵ వెబర్లు పెరిగినప్పుడల్లా అంతా మళ్ళీ మొదటికి వస్తుంది. మైక్రాన్ ఉంగరానికి ఇది సుమారు 5 మిల్లీటెస్లాలకు ఒకసారి. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మలో ఉండేపాటి అయస్కాంతం చాలు.

కానీ అయస్కాంత క్షేత్రంతో నిరోధం ఎలా మారుతుందో చూపే గీతలో కనిపించే ఆ ఎత్తుపల్లాలు మొత్తం నిరోధంలో వెయ్యో వంతు దాటవు. 0.3 కెల్విన్‌కి చల్లబరచాలి. కరెంట్ మైక్రోఆంపియర్ లోపు ఉండాలి, లేదంటే ఎలక్ట్రాన్లే వేడెక్కి తమ లయను మరిచిపోతాయి. క్షేత్రాన్ని నత్తనడకన పెంచాలి. ఒక్క గీతకు రాత్రంతా పట్టేది.

అలా ఒక రాత్రంతా కూర్చుంటే నాకు వచ్చింది రంపపు పళ్ళలాంటి గజిబిజి గీత. లయ లేదు, వరస లేదు. ఎక్కడో తీగ వదులై రొద (నాయిస్) చేరిందనుకుని ఫైలు తీసేయబోయాను. నాకంటే నాలుగేళ్ళు సీనియర్ అయిన అక్క నా వెనక నిలబడి ఉంది. "ఆగరా తమ్ముడూ. రొదే అయితే రెండోసారి ఇంకోలా ఉంటుంది. ఇంకోసారి కొలిచి చూడు" అంది. మర్నాడు రాత్రి మళ్ళీ కొలిచి ఒకదాని మీద ఒకటి పెట్టాను. పన్నుకు పన్ను సరిపోయింది. నా ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది.

న్యూయార్క్ దగ్గర యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం వాట్సన్ కేంద్రంలో రిచర్డ్ వెబ్ బృందానికి మొదట్లో కనిపించింది కూడా ఇలాంటి గజిబిజే. భౌతిక శాస్త్రవేత్తలు అహరోనోవ్, బోమ్‌లు 1959లో చెప్పినదాన్ని బట్టి రావాల్సిన లయ కోసం వెతికితే 1984 నాటి శాంపిళ్ళలో అడ్డదిడ్డపు గీతలు వచ్చాయి. అవి రొద కావని, తీగ లోపలి నుంచి పోయే క్షేత్రం ఎలక్ట్రాన్ దారులన్నిటినీ కలగలిపి వేసిన ముద్ర అని డగ్లస్ స్టోన్ లెక్కలు తేల్చాయి. మందు కూడా అందులోనే ఉంది: తీగ సన్నం చేయండి, రంధ్రం పెద్దది చేయండి. 1985లో వాళ్ళు కొలిచిన బంగారు ఉంగరం లోపలి వ్యాసం 784 నానోమీటర్లు, తీగ వెడల్పు 41. కెల్విన్‌లో నూరో వంతు చలిలో, 0.0076 టెస్లాకు ఒకసారి చొప్పున అలలు వరసగా వచ్చాయి. లోహాల్లో ఇందులో సగం ఎడంతో వచ్చే అలలే కనిపిస్తాయని అప్పటిదాకా చాలామంది నమ్మేవాళ్ళు. 1981లో మాస్కోలో సన్నటి మెగ్నీషియం గొట్టం అలాగే చూపించింది మరి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. శాంపిల్‌ని గది ఉష్ణోగ్రతకు తెచ్చి మళ్ళీ చల్లబరిస్తే ఆ గజిబిజి మారిపోతుంది. లోపల ఒకటో రెండో మలినాలు చోటు మారి ఉంటాయి. ప్రతి శాంపిల్‌దీ ఒక వేలిముద్ర, చల్లబరిచిన ప్రతిసారీ కొత్త వేలిముద్ర. కానీ ఉంగరపు అలల మధ్య ఎడం మాత్రం మారదు. అది రంధ్రం వైశాల్యం మీద ఆధారపడింది, వైశాల్యం ఎక్కడికీ పోదు. అందుకే గజిబిజి ఎంత ఉన్నా దానిలోంచి అలను వేరు చేసి, "ఇది ఉంగరానిదే" అని ధైర్యంగా చెప్పగలం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఉంగరాల్లో క్షేత్రం తీగ మీద కూడా పడుతుంది. అహరోనోవ్, బోమ్‌లు చెప్పినట్టు అయస్కాంత క్షేత్రాన్ని తాకకుండానే ఎలక్ట్రాన్ దాని ఉనికిని ఎరుగుతుందని శుద్ధంగా చూపించింది 1986లో హిటాచీలో అకిరా తొనొమురా బృందం. అయస్కాంతపు వలయాన్ని అతివాహకంలో చుట్టేసి, క్షేత్రం బయటికి చుక్క కూడా కారకుండా చేసి చూపారు.

ల్యాబ్‌లో అడుగుపెడుతున్న పిల్లలకు నా మనవి. రెండు కొసల మధ్యే కొలుస్తున్నట్టయితే క్షేత్రాన్ని తిరగేసి కూడా కొలవండి, గీత అద్దంలో ప్రతిబింబంలా రావాలి. రాకపోతే కాలంతో ఏదో జారుతోందని అర్థం, అదేమిటో వెతకండి. అర్థంకాని గీత వచ్చిన రాత్రి మాత్రం ఫైలు తీసేయకండి. తేదీ, ఉష్ణోగ్రత, క్షేత్రం పెంచిన వేగం నోట్‌బుక్‌లో రాసుకుని, ఇంకోసారి కొలిచి చూడండి.