ఇంటి గదిలో సినిమాహాలు బాకా

మన ఊళ్లలో లౌడ్‌స్పీకరును ‘మైకు’ అని పిలుచుట అలవాటు. మాట్లాడువాని నోటిముందు ఉండునది మైకు, చెట్టుకొమ్మకు కట్టి ఊరంతటికి వినిపించునది లౌడ్‌స్పీకరు అని బడిలో ఎంత చెప్పినను, ‘మైకులో పాట వచ్చుచున్నది’ అనుటయే వాడుక. ఈ పొరపాటు వలన ఎవరికిని నష్టము లేదు. సంగీతప్రియులలో ఇటీవల ప్రబలిన మరియొక పొరపాటు మాత్రము చాల ఖర్చుతో కూడినది. పాతకాలపు సినిమాహాళ్లలో వాడిన బాకా స్పీకర్లు నేటి స్పీకర్లకంటె ఎన్నోరెట్లు ఎక్కువ దక్షత గలవి గనుక అవి అన్నిరెట్లు మంచివనియు, ఒక జత సంపాదించి ఇంటిలో పెట్టుకొన్నచో ఇక కావలసినది లేదనియు కొందరి నమ్మకము.

ఈ నమ్మకమునకు తగిన సరుకు కూడ మార్కెటులోనికి వచ్చినది. 2010 తరువాతి సంవత్సరములలో ఫిల్ము రీళ్లు పోయి డిజిటల్ ప్రదర్శనలు వచ్చుటతో పాత హాళ్లు అనేకము మూతబడినవి. కొన్ని కల్యాణమండపములైనవి, కొన్ని గిడ్డంగులైనవి. తెరవెనుక దశాబ్దముల తరబడి దుమ్ములో నిలిచిన చెక్కపెట్టెలు, ఇనుప బాకాలు పాతసామాను వ్యాపారుల చేతిలో పడినవి. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులోను, కోఠీ గుజరాతీ గల్లీలోను ఇట్టివాటి కొరకు వెదకువారు కలరు. కొత్తగూడెము వంటి గనుల ఊరిలో ఒక ఉపాధ్యాయుడో, సింగరేణి ఉద్యోగియో అట్టి జతను కొని క్వార్టరు ముందుగదిలో పెట్టదలచినాడనుకొందము. వ్యాపారి అతనికి చెప్పునది ఒకే అంకె: ‘ఇది 103 డెసిబెళ్ల స్పీకరు.’ అంకె నిజమే కావచ్చును. దానికి చెప్పుకొను అర్థమును మాత్రము పరీక్షింపవలసి యున్నది.

సాధారణ స్పీకరులో ఒక కాగితపు కోను, దాని మెడకు చుట్టిన తీగచుట్ట, ఆ చుట్టకు చుట్టును అయస్కాంతము ఉండును. పాటకు అనుగుణముగా మారు విద్యుత్ప్రవాహము చుట్టలో పోయినపుడు కోను ముందువెనుకలకు కదలి గాలిని నెట్టును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన ఈ పద్ధతియే నేటికిని రేడియోలలోను, టెలివిజనులలోను సాగుచున్నది. చిక్కేమనగా, గాలి మిక్కిలి తేలికైనది, కోను దానికంటె చాల బరువైనది. విసనకర్ర లేక వట్టి చేతితో విసరుకొనునట్లు, శ్రమ అంతయు చేతిని ఆడించుటకే సరిపోవును. స్పీకరుకు ఇచ్చిన 100 పాళ్ల విద్యుచ్ఛక్తిలో ధ్వనిగా మారునది ఇంచుమించుగా ఒక పాలు. తక్కిన 99 పాళ్లు తీగచుట్టలో వేడియై పోవును.

బాకా ఈ చిక్కును తీర్చును. చిన్న పొర ముందు ఇరుకైన గొంతు ఉండును. గొంతులోని గాలి ప్రక్కలకు తప్పించుకొనలేదు గనుక పొర దానిని గట్టిగా నొక్కగలదు. ఆ ఒత్తిడి క్రమముగా వెడల్పగు మార్గమున నడచి, పెద్దనోటి వద్ద బయటి గాలితో నెమ్మదిగా కలియును. గనిలోని గాలిని వెలుపలికి లాగు పెద్ద ఫాను చివర గొట్టము క్రమముగా వెడల్పగుట గనుల ప్రాంతపు విద్యార్థులు చూచియే యుందురు. అక్కడ సాగునది గాలి ప్రవాహము, ఇక్కడ సాగునది తరంగము. రెండింటి లెక్కలు వేరు. హఠాత్తుగా మార్గము మారిన చోట శక్తి చేజారుననియు, మెల్లగా మారినచో దక్కుననియు మాత్రము రెండు చోట్లను చెప్పవచ్చును. మంచి బాకా 100 పాళ్లలో 20, 30 పాళ్లవరకు ధ్వనిగా మార్చగలదు.

ఇంత శ్రమపడి బాకాను నిర్మించుటకు కారణము సంగీతము కాదు, వాట్ల కొరత. 1926లో వెంట్, థరాస్ అను శాస్త్రజ్ఞులు టాకీల కొరకు రూపొందించిన 555 అను చోదకము బాకాతోనే పనిచేసినది. ఆనాటి ఆంప్లిఫయర్లు వాల్వులతో నడచునవి. తరువాతి కాలమున పేరుపొందిన వెస్టర్న్ ఎలెక్ట్రిక్ వారి 300బి వాల్వు కూడ ఒంటరిగా ఇచ్చునది సుమారు 8 వాట్లు మాత్రమే. 1932లో తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలయిన నాటికి హాలులోని వందలమందికి మాట స్పష్టముగా వినిపింపవలసిన భారము ఇట్టి కొద్ది వాట్లపైననే ఉండెడిది. దక్షత లేనిచో వెనుక బెంచీవారికి నారదుని పాట వినబడి యుండదు.

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనునతడు దీనికి సరిగా వ్యతిరేకమైన దారి పట్టినాడు. గాలి చొరకుండ మూసిన చిన్నపెట్టెలో కోనును బిగించి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడినాడు. అరలో పట్టు పెట్టెనుండి మృదంగపు ఎడమవైపు గుంకారము వచ్చినది. దక్షత మాత్రము బాగుగా తగ్గిపోయినది. ఆ కాలముననే ఆంటన్ హాఫ్‌మన్ అనునతడు ఈ సంబంధమును ఒక నియమముగా చెప్పినాడు: చిన్నపెట్టె, లోతైన మంద్రధ్వని, అధిక దక్షత అను మూడింటిలో ఏ రెండైనను కోరవచ్చును, మూడవదానిని వదలుకొనవలెను. తరువాత థీల్, స్మాల్ అను ఇంజనీర్లు దీనికి గణితరూపమిచ్చినారు. పాత బాకా స్పీకరు కొనువాడు మూడవదానిని, అనగా చిన్నపెట్టెను, వదలుకొనుచున్నాడు. పెట్టె కూడ చిన్నదైనచో వదలుకొనునది మంద్రధ్వనిని. ఈ మాట అమ్మువారు సాధారణముగా చెప్పరు.

103 అను అంకెలో మరియొక మెలిక కలదు. అది స్పీకరుకు ఎదురుగా ఒక మీటరు దూరమున, ఒక వాట్టుకు, కొలిచిన ధ్వని. దీనిని సున్నితత్వము అనవలెను గాని దక్షత అనరాదు. ముందువైపు అన్ని దిక్కులకు సమముగా ధ్వనిని విడుచు స్పీకరు విషయమున 92 డెసిబెళ్లు నూటికి ఒక పాలు దక్షతకు సమానము. ఆ లెక్కన 103కు సుమారు 12 పాళ్లు రావలెను. కాని బాకా ధ్వనిని ఒకే దిక్కునకు కూడదీయును. గని కార్మికుని టోపీదీపము ఎదుటి గోడపై పెద్ద బల్బువలె వెలుగును. దాని కాంతి మొత్తము హెచ్చినదా? లేదు, ఒకచోట చేరినది. కాబట్టి ఎదురుగా కొలిచిన అంకెను చూచి మొత్తము శక్తిని ఊహించుట సరికాదు. హాలులో ఈ గుణము మేలు చేసినది, ఏలయనగా ధ్వని పైకప్పుకు, ప్రక్కగోడలకు పోక కుర్చీలవైపు పోయినది. ఇంటిలో అదే గుణము వలన, నడిమి కుర్చీలోనివానికి ఒక పాట, ప్రక్కకు జరిగి కూర్చున్నవానికి మరియొక పాట వినబడును.

ఇక అందరు చెప్పు లెక్క: 88 డెసిబెళ్ల నేటి స్పీకరుకు, 103 డెసిబెళ్ల పాతదానికి భేదము 15 డెసిబెళ్లు, అనగా శక్తిలో దాదాపు 32 రెట్లు. పాతదానికి 8 వాట్లు చేయుపని క్రొత్తదానికి 250 వాట్లు చేయవలెను. లెక్క తప్పు కాదు. కాని 1932లో 250 వాట్లు దుర్లభము. నేడు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు అది కష్టము కాదు. పైగా ఆ 15 డెసిబెళ్లు పాటకు మాత్రమే గాక ఆంప్లిఫయరులోని రొదకు కూడ చెందును. మామూలు స్పీకరులో వినబడని 50, 100 కంపనముల గుంయిమను శబ్దము బాకాలో రాత్రివేళ స్పష్టముగా వినబడును.

గది సంగతి అన్నిటికంటె ముఖ్యము. పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10 అడుగులు గల గదిని తీసికొందము. 30 డిగ్రీల వేడిలో ధ్వనివేగము సెకనుకు 350 మీటర్లు. గోడకు గోడకు మధ్య అరతరంగము ఇమిడిన చోట గది తనంతట తాను మ్రోగును. ఈ గది 41, 48, 57 కంపనముల వద్ద మ్రోగును. ఎంత వెలగల స్పీకరు తెచ్చినను ఈ మూడు అంకెలు మారవు. అసలు 40 కంపనముల తరంగము పొడవు 8.75 మీటర్లు. ఆ ధ్వనిని విడుచు బాకా నోటి చుట్టుకొలత ఇంచుమించు అంతే ఉండవలెను. అనగా నోటి అడ్డుకొలత 2.8 మీటర్లు! అట్టి బాకా తలుపులోనుండి దూరదు. పాల్ క్లిప్ష్ దీనికి చక్కని ఉపాయము పన్నినాడు. గది మూలలో రెండు గోడలు, నేల కలిసి బాకాకు కొనసాగింపుగా పనిచేసినచో నోటి వైశాల్యము ఎనిమిదవ వంతు చాలును. ఈ మూల బాకా నిజముగా తెలివైన నిర్మాణము. కాని దానికి తలుపు, కిటికీ అడ్డురాని రెండు మూలలు కావలెను. క్వార్టరులో ఒక మూల వీధితలుపు, మరియొక మూల వంటింటి దారి. బరువు నైరుతిలో ఉండవలెనని పెట్టిన బీరువా మూడవ మూలను ఆక్రమించును. క్లిప్ష్ మహాశయునికి వాస్తు తెలియదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి బాకాలను మెచ్చువారు భ్రమలోనున్నారని అనుకొనరాదు. వారికి వినబడు ఒక గుణము నిజమైనదే. రాగి వేడెక్కినపుడు ప్రతి డిగ్రీకి దాని నిరోధము 0.39 శాతము పెరుగును. చుట్ట 100 డిగ్రీలు అదనముగా వేడెక్కినచో నిరోధము 39 శాతము పెరిగి, ధ్వని 3 డెసిబెళ్లవరకు తగ్గును. చిన్న స్పీకరును గట్టిగా మ్రోగించినపుడు మృదంగపు దెబ్బ ముడుచుకొని పోవుటకు ఇది ఒక కారణము. బాకాకు అదే ధ్వనికి ముప్పదవ వంతు శక్తి చాలును. చుట్ట చల్లగా ఉండును, పొర కదలిక కూడ స్వల్పము, అందుచే వికృతి తక్కువ. నాదస్వరము ఎదుట కూర్చుని వినునట్లు అనిపించుట ఈ కారణము చేతనే. అయితే ఈ గుణము బాకాది గాని పాతదనమునది కాదు. నేడు చేసిన బాకాకును ఇది వర్తించును.

గనుల ఊరిలో చెవి సాక్ష్యమును కొంత జాగ్రత్తతో తీసికొనవలెను. డ్రిల్లుల వద్ద, కన్వేయరుల వద్ద ఏండ్ల తరబడి పనిచేసిన వారికి మొదట దెబ్బతినునది సుమారు 4,000 కంపనముల ప్రాంతపు వినికిడి. అట్టి చెవికి మామూలు స్పీకరు మొద్దుగాను, ఆ ప్రాంతమును ఎత్తి చూపు పాత బాకా స్పష్టముగాను తోచును. అదే స్పీకరు ఇంటిలోని పిల్లలకు గీచుకుపోవునట్లు ఉండును. కొనుటకు ముందు పదిహేనేండ్ల బాలికకు వినిపించి ఆమె ముఖము చూచుట మంచి పరీక్ష. ధ్వని పరిమాణము విషయమున మరింత మెలకువ అవసరము. 85 డెసిబెళ్లలో రోజుకు 8 గంటలు చెవి ఓర్చునని లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగును. వికృతి లేని ధ్వని పెద్దదైనను పెద్దదిగా తోచదు గనుక బాకా ముందు కూర్చున్నవాడు తెలియకయే స్థాయిని పెంచుకొనుచు పోవును.

కొనదలచినవారు అంకెను విడిచి వస్తువును చూడవలెను. 8 ఓముల స్పీకరు మీటరుపై 5.5 నుండి 6.5 వరకు చూపవలెను. రెండు స్పీకర్లు ఇంచుమించు ఒకే అంకె చూపవలెను. మంద్ర స్పీకరుకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలము తగిలించినచో కోను కదలు దిక్కు తెలియును. జె.బి.ఎల్. వారి పాత స్పీకర్లలో ఈ దిక్కు ఇతరులదానికి వ్యతిరేకము. తెలియక కలిపినచో మంద్రధ్వని సగము చచ్చును. తరువాత ఫోనునుండి 50 మొదలు 200 కంపనములవరకు మెల్లగా మారు శుద్ధధ్వనిని తక్కువ స్థాయిలో వినిపింపవలెను. రాచుకొను చప్పుడు వచ్చినచో చుట్ట వంకరపోయినది, లేదా అయస్కాంతపు సందులో దుమ్ము చేరినది. బొగ్గుపొడి, పాల్వంచ విద్యుత్కేంద్రపు బూడిద గల గాలిలో ఇది చిన్న విషయము కాదు. బూడిదలో అయస్కాంతమునకు అంటు రేణువులు కూడ ఉండును. బాకాచోదకమునకు మాత్రము ఇంత తక్కువ కంపనములు ఇయ్యరాదు, పొర చినిగిపోవును.

కోను అంచు నురుగుతో చేసినదైనచో వదలివేయుట మేలు. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఊరిలో, ఆపై వానకాలపు చెమ్మలో, నురుగు పొడియై రాలును. సినిమాహాళ్ల స్పీకర్లకు సాధారణముగా మడతలుపెట్టిన గుడ్డ అంచు ఉండును. అది దశాబ్దములు నిలుచును. క్రొత్త కోను అతికించినదా అని తప్పక అడుగవలెను. మైకుసెట్ల మరమ్మతు దుకాణములో దొరికిన కోనును వేసినచో పేరు పాతదే ఉండును గాని బరువు, చుట్ట, సున్నితత్వము అన్నియు మారును. చెట్టుకు కట్టు బాకాలను చవకగా వచ్చినవని సంగీతమునకు కొనరాదు. అవి సుమారు 300 మొదలు 6,000 కంపనములవరకు, మాటకొరకు, చేసినవి.

జత కుదురనప్పుడు తొందరపడి వేరొక రకముతో జతపరచుట అనవసరము. 1958కి పూర్వపు రికార్డులు ఏకధ్వనివే. వాటికి ఒక్క స్పీకరు చాలును. 78 భ్రమణముల రికార్డులలో 100కు దిగువన, 5,000కు ఎగువన ఉండునది స్వల్పము గనుక పాత బాకాకు చేతగానిది వాటిలో ఎక్కువగా లేదు. ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారము 15,000 వరకు పోవును. అక్కడ పాత బాకా వెనుకబడును. ఘంటసాల తొలినాటి పాటలను వినుటయే కోరికయైనచో ఒక మంచి బాకాను, అడ్డు లేని ఒక మూలను సంపాదించి, రెండవదాని డబ్బును రికార్డులపై ఖర్చుచేయవచ్చును. బీరువాను మాత్రము జరుపవలసి వచ్చును.