శబ్దముద్రణకు రక్షణ సరే, గాయకుని మాటేమిటి?

హాలియా వంటి ఊళ్లలో ఒకప్పుడు ఖాళీ క్యాసెట్ ఇస్తే, దుకాణదారు కోరిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. తరవాత అదే పని మొబైల్ దుకాణాల్లో మెమొరీ కార్డుల మీద సాగింది. అనుమతి లేకుండా నకళ్లు తీసి అమ్మడాన్నే పైరసీ అంటాం. దీన్ని దేశాల మధ్య అరికట్టడానికి 1971 అక్టోబరు 29న జెనీవాలో ఫోనోగ్రాముల ఒప్పందం కుదిరింది. భారతదేశం 1975లో అందులో చేరింది.

ఒప్పందంలోని ముఖ్యాంశాలు

నిర్మాత అనుమతి లేకుండా నకళ్లు తయారు చేయడాన్ని, ప్రజలకు పంచడానికి వాటిని దిగుమతి చేయడాన్ని, పంచడాన్ని సభ్యదేశాలు అడ్డుకోవాలి. చట్టంలో రక్షణకు కాలపరిమితి పెడితే అది 20 ఏళ్లకు తగ్గకూడదు. మన కాపీరైట్ చట్టం శబ్దముద్రణకు 60 ఏళ్ల రక్షణ ఇస్తోంది.

విమర్శ

ఇక్కడ ‘నిర్మాత’ అంటే ధ్వనిని మొదట ముద్రించిన వ్యక్తి లేదా సంస్థ అని గుర్తుంచుకోండి. పాడినవారి రక్షణ ఎంతవరకు అన్నది ఒప్పందం ఆయా దేశాల చట్టాలకే వదిలేసింది. మన చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది. రాయల్టీ హక్కు 2012 సవరణతో స్పష్టమైంది. అంటే నిర్మాతకు అంతర్జాతీయ రక్షణ దొరికిన 19 ఏళ్లకుగాని గాయకునికి సొంత దేశంలో హక్కు రాలేదు.

ఇది మన ప్రాంతానికి దగ్గరి విషయం. 2022లో పద్మశ్రీ అందుకున్న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడతారు. ఇలాంటి పాటలు తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చినవి. వాటిని ముద్రించిన సంస్థకు ఆ ముద్రణపైనే హక్కు ఉంటుంది, పాటపై కాదు. కానీ రాతపూర్వక ఒప్పందం లేని జానపద గాయకుడు తన వాటా రుజువు చేసుకోవడం కష్టం.

పెట్టుబడికి రక్షణ లేకపోతే ముద్రణే జరగదన్న వాదనలో నిజముంది. అయితే పైరసీ ఆగినంత మాత్రాన గాయకునికి డబ్బు చేరదు. 1996 నాటి ప్రదర్శనలు, ఫోనోగ్రాముల ఒప్పందం జానపద ప్రదర్శకులనూ తన నిర్వచనంలో చేర్చింది. భారత్ 2018లో అందులో చేరింది. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని ఊరిదాకా తేవడమే మిగిలిన పని.

ఆలోచించండి: మీ ఊళ్లో ఒగ్గుకథను ఒక సంస్థ ముద్రించిందనుకోండి. ఎవరికి ఏయే హక్కులు ఉంటాయి? 10 వాక్యాల్లో రాయండి.