ద్వీపాంతరవాస గ్రంథాలలో గ్లాని

నిర్వేదం, గ్లాని, ఉన్మాదం మొదలైనవాటిని భరతుడు 33 వ్యభిచారి భావాలలో చేర్చాడు. అవి వచ్చిపోయేవే కాని, శోకోత్సాహాదులవలె నిలిచేవి కావు. అండమాన్ కారాగారం నుండి తిరిగివచ్చిన విప్లవకారుల స్వీయకథలు చదివినవారికి ఈ విభజన విషయమై సందేహం కలుగక మానదు.

పోర్టుబ్లెయిరులోని సెల్యులర్ జైలు నిర్మాణం 1906లో పూర్తయింది. ఏడు బారుల కట్టడం, ఖైదీకొక గది. ఎద్దుకు మారుగా మనిషిచేత గానుగ తిప్పించి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించేవారు. మరునాడూ అదే పని. ఇక్కడ శోకానికి ఆలంబనమనదగిన ఒక్క ఘట్టం లేదు. ఉన్నది అలసట, అది పోయేది కాదు. గ్లానియే స్థాయి అయినదన్నమాట.

ఉపేంద్రనాథ బంద్యోపాధ్యాయుడు తన ‘నిర్వాసితేర్ ఆత్మకథ’లో ఈ దశను నవ్వుతో దాటించాడు. రచనగా దానికి సాటి రాగల జైలు పుస్తకాలు అరుదు. అయితే ఆ హాస్యం గానుగ దగ్గరనే పుట్టినదా, ఇల్లు చేరి కలం పట్టిన తరువాత పుట్టినదా? లోకంలోని భావం వేరు, కావ్యంలోని రసం వేరు అన్న అభినవగుప్తుని వివేకం ఇక్కడ మరువరానిది. సావర్కరు ‘మాఝీ జన్మఠేప్’లో కనబడే ఉపాయం మరొకటి: పద్యాలు కట్టడం, గోడపై గీయడం, కంఠస్థం చేయడం. బుద్ధికి పని కల్పిస్తే మనస్సు నిలుస్తుంది. కాని అందరికీ ఆ ధారణ ఉండదు గదా!

ఉల్లాస్‌కర దత్తు మాట వేరు. 1909లో అలీపూరు న్యాయస్థానంలో ఉరిశిక్ష విని పాట పాడినవాడు, సహజంగా పరిహాసప్రియుడు. అప్పీలులో ఆ శిక్ష ద్వీపాంతరవాసంగా మారింది. 1912లో, పని నిరాకరించినందుకు సంకెళ్లతో గోడకు నిలువునా తగిలించగా, జ్వరంతో అతనికి మతి చలించింది. తరువాత మదరాసు పిచ్చాసుపత్రికి పంపారు. మృత్యువును ఎదుర్కొన్న ఉత్సాహం దినదిన హింసకు చాలలేదు. ఇవి రెండూ ఒకే ధైర్యమని మన విమర్శకులు తరచు పొరబడుతుంటారు.

ఉల్లాస్‌కరుడు ఆ చిత్తభ్రమనూ దాచక వ్రాసుకొన్నాడు. శైలిలో ఆ పుస్తకం ఉపేంద్రుని దానికి చాల దిగువ. మనస్తత్త్వ పరిశీలనకు మాత్రం దానినే ముందు చదవాలి. నవ్వో, ధారణో, కాలమో ఏదో ఒకటి కాపాడినవారే ఈ గ్రంథకర్తలందరూ. అదే 1912లో ఇందుభూషణ రాయ్ తన గదిలో ప్రాణం తీసుకొన్నాడు. అతని కథ తోటి ఖైదీల గ్రంథాలలో కొద్ది పుటలు మాత్రమే.