ఒక్క పురుగుకే తగిలే మందు

అమెరికాలో బంగాళాదుంప రైతులకు కొలరాడో పెంకు పురుగు బెడద తరాల నాటిది. పసుపు రెక్కల మీద పది నల్లచారలుండే ఈ పురుగు యాభైకి పైగా మందులను తట్టుకునేలా తయారైంది. దాని కోసమే లెడ్‌ప్రోనా అనే కొత్తరకం మందుకు 2023 డిసెంబరులో ఆ దేశం అనుమతినిచ్చింది. నరాలను దెబ్బతీసే రసాయనమేదీ ఇందులో లేదు. ఉన్నదల్లా రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ. ఎకరాకు కొద్ది గ్రాములే చాలు.

దీనికి పునాది 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక చిన్న నులిపురుగు మీద చేసిన పరిశోధన. 2006లో వాళ్లకు నోబెల్ వచ్చింది. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ లోపలికి వస్తే కణం దాన్ని డైసర్ అనే ఎంజైముతో సుమారు 21 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కను పట్టుకుని ఆర్గోనాట్ అనే ప్రొటీన్, దానితో సరిపోలే, జన్యువు ఆదేశాన్ని మోసే సందేశ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో వెతికి తెగనరుకుతుంది. జన్యువు ఎక్కడిదక్కడే ఉంటుంది, ప్రొటీన్ మాత్రం తయారు కాదు.

నన్ను కట్టిపడేసింది ఈ మందుకు గురిగా జన్యువును ఎంచుకున్న తీరు. చెడిపోయిన ప్రొటీన్లను ఎప్పటికప్పుడు ముక్కలు చేసే ప్రోటియాజోమ్ ప్రతి కణానికీ అవసరం. దానిలో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు మీదే లెడ్‌ప్రోనా గురి. అది మూగబోతే చెత్త పేరుకుపోతుంది, పిల్లపురుగు ఆకు తినడం మానేస్తుంది, కొద్దిరోజుల్లో చస్తుంది. మరి ప్రోటియాజోమ్ తేనెటీగకూ ఉంది, మనకూ ఉంది! పని ఒకటే అయినా అక్షరాల వరుస ప్రాణిప్రాణికీ మారుతుంది. ఆ తేడా ఎక్కడ బాగా ఉందో చూసి, అక్కడి ముక్కనే తీసుకోవాలి. ఎంత ఓపిక కావాలో ఊహించండి.

పొడవు సంగతీ అంతే. మరో పెంకు పురుగైన మొక్కజొన్న వేరుపురుగు పేగు కణాలు 21 అక్షరాల ముక్కను లోపలికి రానివ్వవు. కనీసం 60 అక్షరాలైనా ఉండాలి. అందుకే 2017లో అమెరికా అనుమతించిన మొక్కజొన్నలో, మొక్కే తయారుచేసుకునే ఆర్‌ఎన్‌ఏను 240 అక్షరాలుగా మలిచారు.

పెంకు పురుగులే ఇంత తేలిగ్గా ఎందుకు లొంగుతున్నాయి? కెంటకీ విశ్వవిద్యాలయంలో సుబ్బారెడ్డి పల్లి బృందం దీనికి ఒక జవాబు పట్టింది. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను అందుకునే స్టాఫెన్-సి అనే ప్రొటీన్ వీటికి ఉందనీ, అది తగ్గితే మందు పారదనీ 2018లో చూపించింది.

మన పత్తిని తినే శనగపచ్చ పురుగు, గులాబి రంగు పురుగు సీతాకోకచిలుకల జాతివి. ఆ జాతి పేగులోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏ కణాల్లోకి చేరకముందే దాన్ని చాలావరకు కొరికేస్తాయి. అయినా 2007లో చైనా శాస్త్రవేత్తలు చక్కని దారి తొక్కారు. పత్తి మొక్క తన రక్షణకు తయారుచేసుకునే విషం గాసిపాల్. దాన్ని తట్టుకునేందుకు శనగపచ్చ పురుగు వాడుకునే జన్యువునే వాళ్లు మూగబోయేలా చేశారు. ఇక మొక్క విషమే పురుగు ఎదుగుదలను కుంటుపరిచింది.

ప్రయోగశాలలో తరాల పాటు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ మేపిన బంగాళాదుంప పురుగులు దీన్ని కూడా తట్టుకోవడం నేర్చాయి. కాబట్టి దీన్ని ఒంటరిగా, ఏడాదికేడాది వాడకూడదు. ఇక్కడ చెప్పినవన్నీ బయటి దేశాల పరిశోధనలు. గులాబి రంగు పురుగు మాత్రం మన పొలాల పురుగు. దాని పేగును ఇంత శ్రద్ధగా చదివే పని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో జరగాలి. దానికి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ఆగకుండా డబ్బివ్వాలి.